పంది ఒంట్లో హార్మోన్లు: రోజులు లెక్కపెట్టి, ఒళ్లు చూసి కనిపెట్టడం ఎలా?

కొత్తగా సీమ పందుల షెడ్డు పెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే మాట ఇది: "ఎదకు రావట్లేదండీ, ఏ ఇంజక్షన్ వేయించమంటారు?" నేను అడిగేదీ ఒకటే: "పిల్లల్ని వేరు చేసి ఎన్ని రోజులైంది?" సగం మంది దగ్గర దానికి జవాబు ఉండదు. తేదీ తెలియకపోతే ఇంజక్షన్ వేసినా దండగే. పంది ఒంట్లో ఏ రోజున ఏ హార్మోన్ పెరుగుతుందో, ఏది పడిపోతుందో దాదాపు క్యాలెండర్ ప్రకారం జరుగుతుంది. ఆ రోజులు తెలిస్తే, ఒంటి మీద గుర్తులు చూడటం వస్తే, ల్యాబ్‌తో పని చాలా తక్కువ.

కాబట్టి ముందు పని, ప్రతి గది గోడకు ఒక చిన్న నల్లబల్ల తగిలించండి. ఫోన్‌లో రాసుకుంటాం అంటారు గానీ, చేతికి పేడ అంటినప్పుడు ఎవరూ ఫోన్ తీయరు. సుద్దముక్కతో నాలుగు తేదీలు రాయాలి: ఎద చూసిన రోజు, దాటించిన (అంటే మగపందితో కలిపిన) రోజు, ఈనిన రోజు, పిల్లల్ని వేరు చేసిన రోజు. కింద చెప్పేదంతా ఈ నాలుగు తేదీల మీదే నడుస్తుంది.

పుట్టినప్పటి నుంచి మొదటి ఎద దాకా

ఆడపిల్లలో అండాశయాలు రెండు, మూడు నెలల వయసుకే పని మొదలుపెడతాయి. కానీ మెదడు వాటిని అణచి ఉంచుతుంది. అండాశయం నుంచి ఎదకు తెచ్చే ఈస్ట్రోజెన్ కొంచెం వచ్చినా మెదడు వెంటనే ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను తగ్గించేస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఈ పట్టు సడలుతుంది. 6 నుంచి 8 నెలల మధ్య ఈస్ట్రోజెన్ బాగా పెరిగి, ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసి, మొదటిసారి అండాలు విడుదలవుతాయి. అదే మొదటి ఎద.

ఈ పట్టును త్వరగా సడలించే మందు మీ షెడ్డులోనే ఉంది. అది మగపంది నోటి నురగ. ఆ నురగలో ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం ఉంటుంది. దాని వాసన, మగపంది అరుపు, ముట్టె తాకిడి అన్నీ కలిసి ఈనని ఆడపందిని, అంటే గిల్ట్‌ను, కదిలిస్తాయి. గిల్ట్‌లకు అయిదున్నర నెలలు నిండగానే రోజూ 10, 15 నిమిషాలు మగపందిని వాటి గదిలోకి తీసుకెళ్లండి. మగపంది వయసు కనీసం 10 నెలలు ఉండాలి. అంతకన్నా చిన్నదాని నురగలో ఆ వాసన సరిపడా ఉండదు. పని అయిపోగానే వెనక్కి తీసుకొచ్చేయండి. పక్క గదిలోనే ఎప్పుడూ కట్టేస్తే ఆడపందులు ఆ వాసనకు అలవాటుపడి పట్టించుకోవు.

మొదటి ఎద చూడగానే సంబరపడి దాటించకండి, తేదీ రాసి వదిలేయండి. మొదటి ఎదలో విడుదలయ్యే అండాలు తక్కువ, ఒంటికి బలమూ చాలదు. రెండో ఎద, వీలైతే మూడో ఎద మంచిది. దానికి ముందు 10 నుంచి 14 రోజులు దాణా పెంచితే ఇన్సులిన్ పెరిగి, అండాలు ఎక్కువగా విడుదలవుతాయి. దాటించాక మాత్రం గిల్ట్‌కు దాణా మామూలుకు తెచ్చేయాలి. ఎక్కువ తింటే కాలేయానికి రక్తం ఎక్కువగా వెళ్లి, చూడిని నిలబెట్టే ప్రొజెస్టెరాన్‌ను అది త్వరగా కరిగించేస్తుంది. ప్రేమకొద్దీ పెట్టిన దాణా అలా పిండాలకు చేటు చేస్తుంది.

ఇక్కడే ఒక మోసం ఉంది. రెండు, మూడు నెలల ఆడపిల్లలకు మానం వాచి ఎర్రబడితే అది ఎద కాదు, మొక్కజొన్నలో బూజు. వానలో తడిసిన మక్కలకు పట్టే ఒక రకం బూజులో జియరలెనోన్ అనే విషం తయారవుతుంది. అది ఒంట్లో అచ్చం ఈస్ట్రోజెన్‌లాగే పనిచేస్తుంది. పెద్ద ఆడపందులు అది తింటే ఎద తప్పిపోయి, చూడి కాకపోయినా చూడిలా ఉండిపోతాయి. తక్కువ ధరకు వచ్చిందని తడిసిన మొక్కజొన్న దింపుకున్న ఏడాది నేనూ ఇది చూశాను. గిల్ట్‌లన్నీ ఒకేసారి ఎదకు వచ్చాయని తెగ మురిసిపోయాను కూడా. మందేమీ లేదు. ఆ దాణా ఆపేసి, మంచి గింజలు పెట్టడమే.

21 రోజుల చక్రం

ఒక ఎద నుంచి మరో ఎదకు సగటున 21 రోజులు. 18 నుంచి 24 దాకా మామూలే. ఎద మొదలైన రోజును సున్నా అనుకుని లెక్కపెట్టండి.

ఎదకు రెండు, మూడు రోజుల ముందు నుంచి ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. మానం ఉబ్బి ఎర్రబడుతుంది, పంది నిలకడ లేకుండా తిరుగుతుంది, తోటి పందుల మీదకు ఎక్కుతుంది, మేత తగ్గిస్తుంది. కానీ తన మీదకు ఏదైనా ఎక్కితే మాత్రం అరిచి పారిపోతుంది. ఇది ఎద కాదు, ఎదకు ముందు దశ. తొందరపడి దాటించేవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. అసలు ఎదలో మానం వాపు కొంచెం తగ్గడం మొదలవుతుంది, జిగురు చిక్కబడి వేళ్ల మధ్య తీగలా సాగుతుంది. నడుం మీద రెండు చేతులతో నొక్కితే పంది కర్రలా బిగుసుకుని నిలబడిపోతుంది. చెవులు నిక్కబొడుచుకుంటుంది. నొక్కేటప్పుడు మగపంది దాని ముందు ముట్టెకు ముట్టె ఆనేలా ఉండాలి. మగపంది లేకుండా నొక్కి చూస్తే, నిజంగా ఎదలో ఉన్న గిల్ట్‌లలో కూడా సుమారు సగమే నిలబడతాయి. మిగతావి "రాలేదు" అనిపించుకుని 21 రోజుల దాణా ఉత్తినే తింటాయి.

ఎద రెండు, రెండున్నర రోజులు ఉంటుంది. అండాలు విడుదలయ్యేది దాని మొదట్లో కాదు, మూడింట రెండు వంతులు గడిచాక. అందుకే ఈనిన పందిని నిలబడటం మొదలైన 24 గంటలకు ఒకసారి, ఆ తర్వాత 12 గంటలకు మరోసారి దాటించండి. గిల్ట్‌లకు ఎద త్వరగా ముగుస్తుంది కాబట్టి 12 గంటలకు మొదటిసారి, ఇంకో 12 గంటలకు రెండోసారి. ఉదయం, సాయంత్రం రెండు పూటలా నొక్కి చూడకపోతే ఈ గంటల లెక్క కుదరదు.

అండాలు జారిన చోట్ల చిన్న బుడిపెలు తయారవుతాయి. డాక్టర్లు వాటిని కార్పస్ లూటియం అంటారు. ప్రొజెస్టెరాన్ తయారు చేసేది ఇవే. ఎద రోజున మిల్లీలీటరు రక్తంలో ప్రొజెస్టెరాన్ ఒక నానోగ్రాము కూడా ఉండదు. 10వ రోజు దాటేసరికి 20 నుంచి 40 నానోగ్రాముల దాకా పోతుంది. నానోగ్రాము అంటే గ్రాములో 100 కోట్లవ వంతు. అంత కొంచెమే, కానీ ఆ కాస్తే పందిని చల్లబరిచి ఉంచుతుంది, మగపంది దగ్గరికి వస్తే తరిమేయిస్తుంది. పంది చూడి కట్టకపోతే 15, 16 రోజులకు గర్భసంచి నుంచి ప్రోస్టాగ్లాండిన్ విడుదలై ఈ బుడిపెలను కరిగించేస్తుంది. ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, ఈస్ట్రోజెన్ మళ్లీ లేస్తుంది, ఎద మళ్లీ మొదలు.

ఎద కోసం ప్రోస్టాగ్లాండిన్ ఇంజక్షన్ అడిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి: 12వ రోజులోపు ఆ ఇంజక్షన్ బుడిపెలను ఏమీ చేయలేదు. ఆవులకు 5, 6 రోజులు దాటితే పనిచేసే మందు పందికి అలా పనిచేయదు. ఆవు లెక్క పందికి కట్టడం వల్లే బోలెడు మందు వృథా అవుతోంది.

చూడి: 114 రోజులు

మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు. ఇది అందరికీ తెలుసు. తెలియాల్సింది 11, 12వ రోజుల సంగతి. అప్పటికి పిండాలు గర్భసంచి గోడకు అతుక్కోనే లేదు. అయినా "మేమున్నాం" అని తల్లికి కబురు పంపుతాయి. ఆ కబురే ఈస్ట్రోజెన్. పిండాలే దాన్ని తయారు చేస్తాయి. దాంతో ప్రోస్టాగ్లాండిన్ రక్తంలోకి వెళ్లకుండా గర్భసంచిలోనే ఆగిపోతుంది, బుడిపెలు నిలుస్తాయి. గర్భసంచి రెండు కొమ్ముల్లోనూ పిండాలు ఉండి, కనీసం నాలుగు ఉంటేనే ఈ కబురు గట్టిగా చేరుతుంది. తక్కువైతే చూడి నిలవదు.

అందుకే దాటించాక మొదటి నెలంతా, ముఖ్యంగా 10 నుంచి 30 రోజుల మధ్య, పందిని గది మార్చకండి, కొత్త పందులతో కలపకండి, బండి ఎక్కించకండి. ఎండాకాలమైతే మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా గంటకోసారి ఒంటి మీద నీళ్లు చల్లండి. పందికి చెమట పట్టి ఒళ్లు చల్లబడటం అనేది దాదాపు లేదు. మన మే నెల ఎండ దాని చూడిని కరిగించేయగలదు.

మళ్లీ ఎదకు వస్తే, ఏ రోజున వచ్చిందో బల్ల మీద చూడండి. కారణం అక్కడే దొరుకుతుంది.

18 నుంచి 24 రోజుల్లో వస్తే అసలు చూడి కట్టలేదు. దాటించిన సమయమో, మగపందో అనుమానించాలి. 25 నుంచి 37 రోజుల మధ్య వస్తే చూడి కట్టి పోయింది. కొట్లాట, ఎండ, జ్వరం, బూజు దాణా, వీటిలో ఏదో ఒకటి. 38 నుంచి 45 మధ్య వస్తే పందిలో తప్పు లేదు. మధ్యలో వచ్చిన ఎదను మీరు చూడలేదు. చాలా షెడ్లలో ఇదే ఎక్కువ, ఒప్పుకోవడానికే మనసు రాదు.

గొర్రెకు కొన్ని వారాలు గడిచాక మావి సొంతంగా ప్రొజెస్టెరాన్ తయారు చేసుకుంటుంది. పందికి ఆ సదుపాయం లేదు. 114 రోజులూ బుడిపెల మీదే ఆధారం. జ్వరం ఏదైనా సరే, గట్టిగా వస్తే ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్ పెరుగుతుంది, బుడిపెలు కరుగుతాయి, పంది ఈసుకుపోతుంది. కాబట్టి చూడి పంది ఒక పూట మేత ముట్టకపోయినా థర్మామీటర్ పెట్టి చూడండి. "రేపు చూద్దాం" అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఈనే రాత్రి

110వ రోజుకల్లా పందిని ఈనే గదిలోకి మార్చండి. 112 నుంచి ఒంట్లో హార్మోన్లన్నీ ఒకదాని వెంట ఒకటి తలకిందులవుతాయి. నెలల తరబడి ఎత్తుగా ఉన్న ప్రొజెస్టెరాన్ ఒకటి, రెండు రోజుల్లో కూలిపోతుంది. మావి నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ శిఖరానికి చేరుతుంది. రిలాక్సిన్ అనే హార్మోన్ దారిని వదులు చేస్తుంది. ప్రొలాక్టిన్ పాలను తయారు చేయిస్తుంది.

మీకు కనిపించేది వేరే. ఈనడానికి ఒక రోజు ముందు పందికి వరిగడ్డి వేయండి. నోటినిండా కరుచుకుని మూలకు మోసుకెళుతుంది, ముంగాళ్లతో గీరుతుంది, గుండ్రంగా తిరిగి పడుకుంటుంది, మళ్లీ లేచి గడ్డి సర్దుతుంది. గడ్డి లేకపోతే సిమెంటు నేలనే గీరుతుంది, ఇనుప కడ్డీ కొరుకుతుంది. గూడు కట్టుకోమని ప్రొలాక్టిన్, ప్రోస్టాగ్లాండిన్ తరుముతుంటాయి మరి. రెండు గంపల గడ్డి వేస్తే తల్లి కుదుటపడుతుంది, కాన్పు సాఫీగా సాగుతుంది.

పొదుగు దగ్గర కూర్చుని చన్ను మెల్లగా పిండి చూడండి. నీళ్లలా చుక్క వస్తే ఇంకా సమయం ఉంది. తెల్లటి పాల చుక్క వస్తే 24 గంటల్లోపు. ప్రతి చన్ను నుంచీ ధారలా పాలు చిమ్మితే 6 నుంచి 12 గంటల్లో ఈనుతుంది, ఆ రాత్రికి ఇంటికి వెళ్లకండి.

ఇప్పుడు గర్భసంచిని బిగించి పిల్లల్ని బయటికి నెట్టే ఆక్సిటోసిన్ సంగతి. నా మొదటి ఏడాది, ఒక పంది లేస్తూ కూర్చుంటూ ఉంటే టెన్షన్ పడి తెలిసినాయన ఒకరిని పిలిచాను. వస్తూనే ఆక్సిటోసిన్ పొడిచాడు. మొదటి పిల్ల అడ్డం తిరిగి ఉంది. గర్భసంచి బిగుసుకుంది, పిల్ల కదల్లేదు, వెనకున్నవాటికి ఊపిరి అందలేదు. తెల్లారేసరికి నాలుగు చచ్చిన పిల్లలు. తల్లి బతకడమే గొప్ప. అప్పటి నుంచి నా పద్ధతి ఇది: కనీసం ఒక పిల్ల బయటికి వచ్చి ఉండాలి. తర్వాతి పిల్లకు అరగంట దాటాలి. చేతికి సబ్బు, నూనె రాసి లోపల చూస్తే దారిలో ఏదీ అడ్డం ఉండకూడదు. ఈ మూడూ కుదిరాకే, డాక్టర్ చెప్పిన డోసు. చాలాసార్లు ఆ అవసరమే రాదు. పుట్టిన పిల్లల్ని చన్నుకు పెట్టండి. అవి చీకుతుంటే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ దానంతటదే పెరిగి తర్వాతి పిల్ల జారుతుంది.

పాలిచ్చే రోజులు, వేరు చేసే రోజు

పాలివ్వడం కూడా హార్మోన్ ఆటే. పిల్లలు చన్నుల్ని ముట్టెతో పొడుస్తాయి. తల్లి నెమ్మదిగా గుర్రుగుర్రుమంటుంది. ఉన్నట్టుండి ఆ గుర్రు వేగం పెరుగుతుంది. అది ఆక్సిటోసిన్ రక్తంలోకి దూకిన క్షణం. ఆ వెంటనే పాలు దిగుతాయి, అదీ 10, 20 సెకన్లే. పిల్లలు తోకలు ఆడించడం ఆపి, నిశ్శబ్దంగా గుటకలు వేస్తాయి. మళ్లీ ముప్పావుగంటో, గంటో ఆగాలి. ఆ సమయంలో డబ్బా పడేసినా, కుక్క వచ్చినా తల్లి బెదురుతుంది, పాలు దిగవు. పిల్లలకు ఒక పూట పోయినట్టే.

ఈనిన రెండు, మూడు రోజులకు కొన్ని పందులు ఎదకు వచ్చినట్టు నిలబడతాయి. మావి వదిలిన ఈస్ట్రోజెన్ ఇంకా రక్తంలో తిరగడమే కారణం. అండాలు విడుదల కావు. దాటించవద్దు.

పిల్లలు చీకుతున్నంత కాలం మెదడు ఎల్‌హెచ్‌ను తొక్కిపెట్టి ఉంచుతుంది. అందుకే పాలిచ్చే పంది ఎదకు రాదు. పిల్లల్ని వేరు చేసిన రోజున ఆ మూత తెరుచుకుంటుంది. 4 నుంచి 7 రోజుల్లో ఎద. గురువారం వేరు చేశారంటే సోమవారం పొద్దున్నుంచే మగపందిని తిప్పడం మొదలుపెట్టండి. 4వ రోజున వచ్చిన పందికి ఎద ఎక్కువ సేపు ఉంటుంది, కాస్త ఆగి దాటించవచ్చు. 6, 7 రోజులకు వచ్చినదానికి తక్కువ సేపు, చూడగానే దాటించాలి. పదో రోజుకూ రాలేదంటే వెన్నెముక తడిమి చూడండి. ఎముకలు చేతికి గుచ్చుకుంటే అది ఇంజక్షన్‌తో తీరే సమస్య కాదు. పాలిచ్చేటప్పుడు దాణా చాలక ఒళ్లు కరిగిపోయింది. ముఖ్యంగా మొదటి ఈత పందులకు ఇది మామూలు. అవి పాలిచ్చే రోజుల్లో ఎంత తింటే అంత పెట్టాలి.

మగపంది

టెస్టోస్టెరాన్ మగపిల్లలో మూడుసార్లు లేస్తుంది: తల్లి కడుపులో ఒకసారి, పుట్టిన రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, నాలుగైదు నెలల నుంచి యుక్తవయసుకు శాశ్వతంగా. మాంసానికి పెంచేవాటికి వట్టలు కొట్టించాలంటే మొదటి రెండు వారాల్లో చేయించడం సులువు, పుండు త్వరగా మానుతుంది. చేయించకపోతే ఇందాక చెప్పిన ఆండ్రోస్టెనోనే కొవ్వులో పేరుకుంటుంది. కూర వండేటప్పుడు గుప్పుమంటుంది. కొందరి ముక్కుకు ఆ వాసన అసలు తెలియదు. అమ్మేవాడికి తెలియకపోవచ్చు, కొనేవాళ్ల ఇంట్లో మాత్రం ఎవరికో ఒకరికి తెలుస్తుంది.

దాటించడానికి మగపందిని 8 నెలలు నిండాకే వాడండి. వీర్యకణం తయారై బయటికి రావడానికి ఆరేడు వారాలు పడుతుంది. మే నెల ఎండలో మగపంది రొప్పితే దాని నష్టం జూన్, జులైలో తెలుస్తుంది. ఆడపందులన్నీ సరిగ్గా 21 రోజులకు తిరిగి ఎదకు వస్తుంటే, రెండు నెలల వెనకటి ఎండను గుర్తు తెచ్చుకోండి. వడగాల్పుల రోజుల్లో దాని గది మీద తడి గోనెపట్టాలు వేయడం చవకైన పని.

రక్తపరీక్ష ఎప్పుడు?

టెస్టోస్టెరాన్ పరీక్ష మన స్థాయిలో దండగ. రోజులో గంటగంటకూ అది ఎగుడుదిగుడవుతుంది, ఒక్క నమూనాతో ఏమీ చెప్పలేం. ఈస్ట్రోజెన్ అంతకన్నా సూక్ష్మం, నానోగ్రాములో వెయ్యో వంతుల్లో కొలవాలి. పనికొచ్చేది ప్రొజెస్టెరాన్ ఒక్కటే, అదీ రెండు సందర్భాల్లో.

ఒకటి, 8 నెలలు దాటినా ఎద కనిపించని గిల్ట్. 10, 12 రోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీయించండి. రెండింటిలోనూ ఒక నానోగ్రాము లోపే ఉంటే అది ఇంకా యుక్తవయసుకు రాలేదు. అప్పుడు ఎదకు తెచ్చే ఇంజక్షన్ గురించి డాక్టర్‌ను అడగడంలో అర్థం ఉంది. ఏ ఒక్కదానిలోనైనా బాగా ఎక్కువ ఉంటే ఎద వచ్చి వెళ్లింది, మీరే చూడలేదు. ఆ పందికి ఆ ఇంజక్షన్ పనిచేయదు. మగపందిని రెండు పూటలా తిప్పండి.

రెండు, దాటించిన పంది చూడి కట్టిందో లేదో త్వరగా తెలియాలంటే 18 నుంచి 20 రోజుల మధ్య రక్తం తీయించండి. 5 నానోగ్రాములు దాటితే చూడి అయ్యే అవకాశం ఎక్కువ. తక్కువుంటే కాదని గట్టిగానే చెప్పవచ్చు. స్కానింగ్ దొరికే చోటైతే 28వ రోజు దాకా ఆగి అదే చేయించండి, పిల్లలు కంటికి కనిపిస్తాయి.

రక్తం డాక్టరే తీయాలి. మీ పని సీసా మీద చీటీ అంటించడం. పంది నంబరు, రక్తం తీసిన తేదీ, దాటించిన తేదీ మూడూ రాయండి. దాటించిన తేదీ లేకుండా వచ్చిన 5 నానోగ్రాములకు ఏ డాక్టరూ అర్థం చెప్పలేడు. అది చూడి పందిదీ కావచ్చు, ఎద వచ్చి నాలుగైదు రోజులైన వట్టి పందిదీ కావచ్చు.